1,400 గ్రామఫోన్ రికార్డులు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్: ఉంచాలా, అమ్మాలా?

పశ్చిమ_మాంబళం

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుతుంటానే తప్ప రాసింది తక్కువ. ఇప్పుడు మీ సలహా కావాలి.

రైల్వేలో చేసి రిటైరయ్యాను. చెన్నైలో మూడో అంతస్తులో ఉంటున్నాం, లిఫ్టు లేదు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. అందుకని ఈ ఇల్లు అమ్మేసి పెరుంగుడి వైపు లిఫ్టున్న ఫ్లాట్‌కి మారుతున్నాం. అది దీనికన్నా చిన్నది. నా దగ్గర 78 ఆర్‌పీఎం రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు) ఆరు వందల దాకా, ఎల్‌పీలు (ఎక్కువసేపు పాడే పెద్ద ప్లాస్టిక్ రికార్డులు) ఏడు వందలు, ఈపీలు (వాటిలో చిన్నవి) ఒక వంద ఉన్నాయి. ఒక టర్న్‌టేబుల్, కీ తిప్పే పాత గ్రామఫోన్, మూలన పడున్న హెచ్‌ఎంవీ ఫియెస్టా రికార్డు ప్లేయర్ కూడా ఉన్నాయి.

78లలో ఎక్కువ భాగం తెలుగు నాటక పద్యాలు, హరికథలు, తొలినాళ్ళ సినిమా పాటలు. ఎల్‌పీల్లో కర్ణాటక సంగీతం, తెలుగు, తమిళ, హిందీ సినిమాలు, కొంచెం ఇంగ్లీషు.

అబ్బాయి "అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా నాన్నా" అంటాడు. అమ్మాయికి ఆసక్తి ఉంది, కానీ హైదరాబాదులో అద్దె ఇంట్లో ఉంటుంది. మా ఆవిడ పైకి ఏమీ అనలేదు. కొత్త ఇంటి ప్లాన్ కాగితం మీద నేను రికార్డులకు అనుకున్న చోట మాత్రం "పూజ" అని రాసి పెట్టింది.

మొన్న ఒక కొట్టాయన వచ్చి అరగంట చూసి, మొత్తం కలిపి లక్షా ఎనభై వేలిస్తాను, రేపే బండి తెస్తాను అన్నాడు. అది ఎక్కువో తక్కువో నాకు తెలియలేదు. డబ్బు అవసరం కోసం అమ్మడం లేదు. అలాగని మోసపోవడమూ ఇష్టం లేదు. అమ్మేయమంటారా? అమ్మితే ఒకేసారా, విడివిడిగానా?

అల్లికుళం_కొట్టు

సార్, నేను ఈ వ్యాపారంలోనే ఉన్నాను. మీ రికార్డులు నేను కొనను, చోటు లేదు. కాబట్టి నా మాట నమ్మొచ్చు. మా నాన్నకి మూర్ మార్కెట్లో కొట్టుండేది. 1985 మే 30న మార్కెట్ తగలబడ్డాక అల్లికుళం కాంప్లెక్స్‌కి వచ్చాం.

ఆ లక్షా ఎనభై ఎలా వచ్చిందో చెప్తాను. ఆయన అరగంటలో మీ 1,400 రికార్డులూ చూసి ఉండడు. ఇంగ్లీషు ఎల్‌పీలు, ఇళయరాజా, ఆర్.డి. బర్మన్, ఇలాంటివి ఒక వంద చూసి ఉంటాడు. ఇవి బల్ల మీద పెడితే ఆ వారమే పోతాయి. వాటికి ఎంతొస్తుందో మనసులో లెక్కేసుకుని, అందులో కొంత మీకు చెప్పాడు. మిగతా వెయ్యికి పైగా రికార్డులు ఆయనకి ఊరికే వచ్చినట్టు. ఇది పూర్తిగా అన్యాయం అనలేను. ఆ వెయ్యికీ గోడౌన్ అద్దె, కడిగే కుర్రాడి జీతం, ఏళ్ళ తరబడి అమ్ముడుపోని బరువు ఆయన నెత్తినే పడతాయి. కానీ ఆ వంద రికార్డుల్నీ మీరే ఓపికగా విడిగా అమ్ముకుంటే, వాటికే అంత రావచ్చు.

ఇంకో సంగతి చెప్తే చాలామందికి కోపం వస్తుంది. ఎక్కువమంది ఇళ్ళలో ఉన్న రికార్డుకి ధర పలకదు. ఘంటసాల భగవద్గీత, సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్‌పీలు తెచ్చి, "మా నాన్నగారు రోజూ పొద్దున్నే వేసేవారండీ" అంటారు. అందరి నాన్నగార్లూ పొద్దున్నే వేసేవారు. అందుకే మా కొట్లో అవి దొంతర్లుగా ఉన్నాయి.

అడయార్_అల్లుడు

మొహమాటం లేకుండా అడుగుతున్నా. నెలలో ఎన్ని రికార్డులు వేస్తారు? పది అనుకుందాం. ఆ లెక్కన 1,400 ఒక చుట్టు తిరగడానికి పదకొండేళ్ళు పైనే పడుతుంది. వినని వస్తువు కోసం చదరపు అడుగుకి వేలు పోసి కొన్న గోడని ఇచ్చేస్తారా? అమ్మేయండి సార్. ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కోండి, ఫోన్లోంచి వినండి. బండి రేపే వస్తానంటోంది, రానివ్వండి.

రికార్డు_పిచ్చోడు_బెంగళూరు

బండిని రానివ్వకండి! కనీసం 78లు ఎక్కించనివ్వకండి.

అల్లుడు గారూ, "ఫోన్లో ఉన్నాయి" అన్న మాట ఎల్‌పీల విషయంలో చాలావరకు నిజం. 78ల విషయంలో కాదు. 1930లు, 40లలో సినిమా పాటను రికార్డు కోసం విడిగా మళ్ళీ పాడించేవారు. 78 ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. అందులో పట్టేలా ఒక చరణం తీసేయడం, వాద్యం తగ్గించడం మామూలే. కొన్నిసార్లు పాడే మనిషే మారేవారు. తెర మీద ఒకరి గొంతు, రికార్డు మీద ఇంకొకరిది. ఆ సినిమా రీళ్ళు కూడా పోయి ఉంటే ఆ పాటకి మిగిలింది ఆ లక్క రికార్డే. ఇక నాటక పద్యాల సంగతి. కపిలవాయి రామనాథశాస్త్రి గారిని మనం చూడలేదు, ఆయన గొంతు మనదాకా వచ్చింది గ్రామఫోన్ వల్లే. ఎవరి గొంతు ఏ యాప్‌లో ఉందో, ఎవరిది అసలు ఎక్కడా లేదో ఎవరూ పూర్తిగా లెక్క తీయలేదు.

కాబట్టి అన్నగారూ, మొత్తాన్ని ఒకే ప్రశ్నగా చూడకండి. రేపు మళ్ళీ కావాలనుకుంటే కొనుక్కోగలిగినవి ఒక పక్క పెట్టండి. ఎంత డబ్బున్నా మళ్ళీ దొరకనివి ఇంకో పక్క. మొదటి కుప్పని అమ్మడానికి బాధ పడక్కర్లేదు. రెండో కుప్ప మీరనుకున్న దానికన్నా చిన్నదే అవుతుంది.

బరువు లెక్క కూడా చూసుకోండి. పది అంగుళాల 78 ఒక్కోటి సుమారు 220 గ్రాములు, ఆరు వందలంటే 130 కిలోలు. ఎల్‌పీ అట్టతో సహా పావు కిలోకి అటూ ఇటూ, ఏడు వందలంటే 170 కిలోల దాకా. మూడు వందల కిలోలు ప్లైవుడ్ అల్మరాలో పెడితే పలక వంగుతుంది. ఎల్‌పీలే నిలబెడితే రెండు మీటర్లకు పైగా చోటు తింటాయి.

కోట్టూర్‌పురం_2015

పెరుంగుడి అన్నారు, ఎన్నో అంతస్తు? 2015 డిసెంబరులో అడయార్ నది మా కింది గదిలోకి వచ్చింది. నా ఎల్‌పీలు నాలుగు వందలు నీళ్ళలో నానాయి. ప్లాస్టిక్ కాబట్టి రికార్డులు కడిగితే బాగానే పాడాయి. అట్టలన్నీ ముద్దయిపోయాయి, కొన్నిటికి లేబుళ్ళు కూడా ఊడాయి. ఏ రికార్డు ఏదో వేసి వింటే తప్ప తెలియదు. అట్ట లేని రికార్డుని ఎవరూ కొనరు. 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో పెరుంగుడి, పళ్ళికరణై, వేళచ్చేరి ఎలా ఉన్నాయో అందరూ చూశారు. గ్రౌండ్ ఫ్లోరయితే ఈ చర్చ ఇక్కడితో ఆపేసి అమ్మేయండి.

పశ్చిమ_మాంబళం

నాలుగో అంతస్తు. అది చూసుకునే కొన్నాం.

అల్లుడు గారి ప్రశ్నకి జవాబు: నెలకి పది కూడా వేయను. కూర్చుని లేచి తిప్పడం ఒక కారణం. చెవి ఇంకొకటి. ఆడియాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయిస్తే పై స్థాయి శబ్దాలు బాగా తగ్గాయన్నారు. వయొలిన్ పై స్థాయిలో ఉండే మెరుపు నాకు చేరడం లేదు. విచిత్రం ఏమిటంటే 78లు మాత్రం ఎప్పటిలాగే వినిపిస్తాయి. వాటిలో ఆ పై శబ్దాలు మొదటినుంచీ లేవు మరి!

హెచ్‌ఎంవీ కుక్క బొమ్మ లేబుల్ మీద రెండు నాటకాల పూర్తి సెట్లు ఉన్నాయి, ఒక్కోటి ఆరేసి రికార్డులు. అట్ట పెట్టెతో సహా.

అన్నానగర్_అక్క

ఆ సెట్ల గురించి చదివి రాస్తున్నాను. మా నాన్నగారికీ ఇలాంటి పిచ్చే. ఆయన పోయాక మాకు ఏది ఏమిటో తెలియదు. జాబితా లేదు. ముగ్గురు వ్యాపారులు వచ్చారు, ముగ్గురూ మూడు ధరలు చెప్పారు. ఒకరు చెప్పినదానికి మరొకరు మూడింతలు. ఎవరు నిజం చెప్తున్నారో తేల్చుకోవడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అంతకన్నా నష్టం బంధువుల వల్ల జరిగింది. పదో రోజున వచ్చినవాళ్ళు "బాబాయి గుర్తుగా ఒకటి తీసుకుంటాం" అన్నారు. అలాంటప్పుడు కాదని ఎలా అంటాం? తలా ఒకటి తీసుకెళ్ళారు. నాటకం సెట్లోంచి మూడో రికార్డు పోయింది. తర్వాత ఒక పెద్దాయన ఆ నాటకం కోసమే రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు, మూడోది లేదనగానే మాట తగ్గించేశారు. తీసుకెళ్ళినవాళ్ళ ఇంట్లో ప్లేయరే లేదు.

మీరు ఉంచుకోండి, అమ్మేయండి, మీ ఇష్టం. కానీ మీరు బాగుండగానే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి: ఏది సెట్టు, ఏది విడి, ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు.

వినైల్_తంబి

అంకుల్, నేను తాంబరం. ఆ ఈపీలు చూడొచ్చా? ఇంగ్లీషువి ఏమున్నాయి? ఫోన్ నంబరు పంపండి.

నిర్వాహకుడు

అమ్మకాలు, కొనుగోళ్ళు అమ్మకాల విభాగంలోనే. ఇక్కడ ఫోన్ నంబర్లు ఎవరూ పెట్టొద్దు.

అల్లికుళం_కొట్టు

అక్క చెప్పిన జాబితా మాట వెయ్యి రూపాయల మాట. దాన్ని ఎలా రాయాలో చెప్తాను. పేరొక్కటి రాస్తే చాలదు. లేబుల్ రంగు, లేబుల్ మీద కేటలాగ్ నంబరు, లేబుల్ చుట్టూ ఖాళీ భాగంలో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరు, ఈ మూడూ రాయాలి. ఒకే ఎల్‌పీ మొదటి ప్రెస్సింగ్‌కీ (అచ్చుకీ) పదేళ్ళ తర్వాతి ప్రెస్సింగ్‌కీ ధర వేరు. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ సైట్లో ఆ నంబరు కొడితే ఇంతకుముందు ఎంతకి అమ్ముడైందో వస్తుంది. అడిగే ధర చూడకండి, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అమ్ముడైన ధర చూడండి. తెలుగు 78లు అందులో తక్కువే ఉంటాయి, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

తర్వాత కండిషన్. ట్యూబులైటు కింద పెట్టి ఏటవాలుగా చూడండి. కీ గ్రామఫోన్ మీద ఇనుప ముల్లుతో వేసిన 78ల గాడులు బూడిద రంగుకి తిరుగుతాయి. ఒక్కో వైపుకీ ముల్లు మార్చాలని డబ్బా మీదే రాసి ఉండేది, మార్చినవాళ్ళు ఎంతమంది? ఫియెస్టా లాంటి ప్లేయర్లలో సెరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం) ఉంటుంది, అది రికార్డు మీద గట్టిగా నొక్కుతుంది. దాని మీద అరిగిన ఎల్‌పీ పైకి తళతళలాడినా, వేస్తే గరగరమంటుంది. సార్, మీ ఎల్‌పీలు దేని మీద తిరిగాయి?

పశ్చిమ_మాంబళం

1990ల నుంచి మంచి టర్న్‌టేబుల్ మీదే, రెండు గ్రాముల లోపు బరువుతో. అంతకుముందు కొన్నవి ఫియెస్టా మీద. వాటిని విడిగా పెడతాను.

అడయార్_అల్లుడు

అందరూ కలిసి పెద్దాయనకి ఏడాది పని అప్పజెప్పారు. జాబితా, మ్యాట్రిక్స్ నంబర్లు, ట్యూబులైటు. రిటైరయింది విశ్రాంతి కోసం కదా?

రికార్డు_పిచ్చోడు_బెంగళూరు

అల్లుడు గారూ, సేకరించేవాళ్ళకి అదే విశ్రాంతి. మీకు అర్థం కాదులెండి.

ఆర్కైవ్ మాట ఎవరూ ఎత్తలేదు, అందుకని నేనే అంటున్నాను. చెన్నైలోనే తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. కోట్టైయూరులో ఒక్క మనిషి తన ఇష్టంతో పోగుచేసిన తమిళ పుస్తకాలు, పత్రికల మీద నిలబడిన సంస్థ అది. ఆయన 1992లో పోయాక చికాగో విశ్వవిద్యాలయం ఆ సేకరణని కొన్నది, 1994లో గ్రంథాలయంగా మారింది. చెల్లాచెదురు కాకుండా మిగిలింది కాబట్టే ఈరోజు పరిశోధకులు అక్కడికి వెళ్తున్నారు. మన తెలుగు నాటక రికార్డులకి అలాంటి చోటు ఒకటి ఉండాల్సింది.

కానీ ఆర్కైవ్ అంటే బండెడు తెచ్చి గుమ్మంలో దించే చోటు కాదు. వాళ్ళ దగ్గర ఉన్నవే మళ్ళీ ఇస్తే ఏం చేసుకుంటారు? ముందు జాబితా పంపి, ఏవి కావాలో అడగాలి. ఇచ్చేటప్పుడు దానపత్రం రాసుకోవాలి. జనం వినడానికి పెడతారా, సెట్టుని విడదీయకుండా ఉంచుతారా, వద్దనుకుంటే తిరిగిస్తారా, ఇవన్నీ అందులో ఉండాలి. లేకపోతే ఇంట్లో అల్మరాలోంచి అక్కడి అల్మరాలోకి మారడమే అవుతుంది.

సాఫ్ట్‌వేర్_శాస్త్రి

డిజిటైజ్ చేసేయొచ్చు కదా? అప్పుడు ప్లేట్లు ఎవరి దగ్గరుంటే ఏం?

రికార్డు_పిచ్చోడు_బెంగళూరు

చేయొచ్చు. గంటల లెక్క వేశారా? ఎల్‌పీ నలభై నిమిషాలు, ఏడు వందలకి నాలుగు వందల అరవై గంటలకు పైగా, అదీ కేవలం తిరగడానికి. కడగడం, ముక్కలు చేయడం, పేర్లు పెట్టడం వేరే. ఎల్‌పీలకి ఆ శ్రమ దండగ. 78లకి చేయండి. వాటికి వేరే స్టైలస్ (ముల్లు) కావాలి, 78 గాడి వెడల్పుగా ఉంటుంది. ఎల్‌పీ స్టైలస్ కొన సన్నగా ఉండి గాడి అడుగుకి వెళ్ళి చెత్తంతా చదువుతుంది. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో తీయండి. ముందు శుద్ధి చేయని కాపీ ఒకటి అలాగే దాచండి, గరగర తీసే పనులన్నీ రెండో కాపీ మీద. కడిగేటప్పుడు 78ల మీద స్పిరిట్, ఆల్కహాల్ అసలు తగలనివ్వకండి, లక్క కరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్, చాలా కొంచెం సబ్బు, లేబుల్ తడవకుండా.

సాఫ్ట్‌వేర్_శాస్త్రి

ఆ తర్వాత యూట్యూబ్‌లో పెట్టేయడమే.

కోర్టు_పక్షి

ఆగండాగండి. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు, అది విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు. కాబట్టి 1964కి ముందు వచ్చిన రికార్డుల మీద కంపెనీకి ఆ హక్కు మిగల్లేదు. కానీ పాట రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు వేరు. అవి వాళ్ళు పోయాక 60 ఏళ్ళ దాకా ఉంటాయి. 1950ల సినిమా పాటలో రికార్డింగ్ హక్కు తీరిపోయినా సాహిత్యం హక్కు ఇంకా బతికి ఉండొచ్చు. పాత నాటక పద్యాలకి ఆ చిక్కు తక్కువ. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ 78లను డిజిటైజ్ చేసి పెడితే 2023లో పెద్ద రికార్డు కంపెనీలు కేసు వేశాయి. రిటైరయ్యాక ఆ టెన్షన్ ఎవరికి కావాలి.

పశ్చిమ_మాంబళం

నమస్కారం. నేను ఆయన భార్యని. ఆయన బ్యాంకుకి వెళ్ళారు, ఇది తెరిచే ఉంది, అంతా చదివాను.

డబ్బు గురించి ఇన్ని మాటలెందుకో అర్థం కాలేదు. పెన్షన్ చాలు. బండి వచ్చి అంతా ఒక్కరోజులో పట్టుకుపోతే, ఆ మర్నాటి నుంచి ఈయన టీవీ ముందు కూర్చుంటారు, న్యూస్ చానళ్ళతో దెబ్బలాడతారు. అది నాకు ఇంకా కష్టం. అందుకని అన్నీ అమ్మమని నేను అనను.

కానీ తుడిచేది ఎవరండీ? చదివినంత మేర ఒక్కరూ అడగలేదు. ఈ ఊరి ఉక్కకి అట్టల మీద ఏటా బూజు పడుతుంది. వానాకాలం వెళ్ళాక ఒక్కొక్కటీ తీసి, ఆరబెట్టి, మళ్ళీ వరసలో పెట్టాలి. వరస తప్పితే మళ్ళీ మాట పడాలి. ఒకసారి చెదలు కూడా వచ్చాయి. ఇక నా వల్ల కాదు. హాల్లో ఒక గోడ ఇస్తాను. ఆ గోడకి పట్టినన్నే. అవి ఆయనే తుడుచుకోవాలి. పూజ గది పూజకే.

అన్నానగర్_అక్క

వదినగారూ, ముందే రాయాల్సింది మీరు!

అల్లికుళం_కొట్టు

అమ్మా, నమస్కారం. ఆ గోడ ఎండ పడే పడమటి గోడ కాకుండా చూడండి. వేడికి ఎల్‌పీ వంగిపోతుంది, వంగితే మళ్ళీ సరికాదు. గోడకి ఆనించకుండా అల్మరా నాలుగు వేళ్ళు ఎడంగా పెడితే చెమ్మ తగ్గుతుంది. పీవీసీ కవర్లు తీసేసి పాలిథీన్ కవర్లు వేయించండి, పీవీసీ లోపల చెమ్మ చేరి రికార్డు మీద మచ్చలు పడతాయి.

అడయార్_అల్లుడు

మేడమ్ లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. ఇదే నేను కాస్త మొరటుగా చెప్పాను.

పశ్చిమ_మాంబళం

ఈసారి నేనే. బ్యాంకు నుంచి వచ్చేసరికి ఇంత జరిగింది.

ఒక గోడ అంటే కొలిచాను, ఐదున్నర అడుగుల వెడల్పు. కింది వరసలో 78లు. నాటకాలు, హరికథలు, పద్యాలు కలిపి రెండు వందల యాభై దాకా ఉంచుతాను. మిగతా 78ల్లో రెండేసి కాపీలున్నవి, పగుళ్ళు వచ్చినవి చాలానే ఉన్నాయి. పై వరసలో ఎల్‌పీలు రెండు వందలు, ఎక్కువగా కచేరీలు. వయొలిన్ సరిగా వినపడకపోయినా అవి ఇవ్వలేను, దీని మీద వాదన వద్దు.

ఇంగ్లీషువి, ఇళయరాజావి, హిందీవి ముందు జాబితా రాసి విడిగా అమ్ముతాను. తాంబరం తంబికి మొదటి అవకాశం, అమ్మకాల విభాగంలోనే. భక్తి ఎల్‌పీలు అడిగినవాళ్ళకి ఊరికే ఇస్తాను, కొట్టు ఆయన చెప్పాక వాటి ధర మీద ఆశ పోయింది. కొట్టాయనకి ఫోన్ చేసి బండి వద్దన్నాను, ధర ఇంకో పాతిక వేలు పెంచాడు.

నాటకాల సెట్లు తర్వాత ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంకా తేల్చుకోలేదు. అమ్మాయిని అడిగాను, "నాకే ఇవ్వు నాన్నా, మంచం కింద పెట్టుకుంటా" అంది. మంచం కింద అంటే భయమేసింది. ముందు డిజిటైజ్ చేసి, జాబితా ఆర్కైవ్‌లకి పంపి చూస్తాను. వాళ్ళు వద్దంటే మంచం కిందకే.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. మార్చేటప్పుడు ఏ డబ్బాల్లో పెట్టాలి? ప్యాకర్స్ వాళ్ళు అరటిపళ్ళ డబ్బాలు తెస్తామన్నారు.

రికార్డు_పిచ్చోడు_బెంగళూరు

అరటిపళ్ళ డబ్బాలు వద్దు, అడుగున పెద్ద కన్నం ఉంటుంది. మామూలు గట్టి అట్టపెట్టెలు తెప్పించండి, ఎల్‌పీ కన్నా ఒక అంగుళం పెద్దవి. ఎల్‌పీలు పెట్టెకి నలభై, 78లు పాతిక, అంతకు మించితే కూలీ అబ్బాయి ఎత్తి పడేస్తాడు. అన్నీ నిలువుగానే, పడుకోబెట్టొద్దు. మధ్యలో ఖాళీ ఉంటే న్యూస్‌పేపర్ కుక్కండి. 78ల మధ్య ముడతల అట్ట ముక్క ఒక్కోటి పెట్టండి. నాటకాల సెట్లు మాత్రం లారీ ఎక్కించకండి, మీ కారు వెనక సీట్లో తీసుకెళ్ళండి.

పశ్చిమ_మాంబళం

కారు లేదు. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెళ్తాను.